హోస్టింగ్ మార్చేముందు ముడులు విప్పుకోండి

(బరంపురంలో తెలుగు వ్యాపారులు, బడుల నిర్వాహకుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. సూటిగా విషయంలోకి వెళ్దాం. మీ దుకాణానికో, బడికో, సంఘానికో ఒక సైటు ఉంది. ఏడాదికోసారి బిల్లు వస్తుంది, వచ్చినప్పుడల్లా పెరిగి వస్తుంది. ఇంతకంటే చవగ్గా ఇచ్చేవాళ్ళు బయట చాలామందే ఉన్నారు. అయినా ఎక్కువమంది కదలరు. కదిలితే ఈమెయిళ్ళు పోతాయని, సైటు పడిపోతుందని భయం. ఆ భయంలో నిజం కొంత ఉంది. డొమైను అంటే సైటు పేరు, హోస్టింగు అంటే సైటు ఫైళ్ళు ఉండే సర్వరు అద్దె, ఆపైన మెయిలు, ఈ మూడూ ఒకే కంపెనీ దగ్గర ఒకే ముడిగా ఉంటే ఒకటి లాగితే మూడూ వస్తాయి. అంచేత ఇవాళ నేను చెప్పేది ఒకటే: ముందు ఆ ముడి విప్పండి. మూడూ విడివిడిగా ఉంటే ఏ కంపెనీ ధర పెంచినా మీరు ఒక రాత్రిలో బయటికి రాగలరు.

బిల్లు తీసి వరసలు చూడండి. డొమైను రెన్యువల్ ఒకటి. హోస్టింగ్ ఒకటి. ఆపైన ఎస్ఎస్ఎల్ (సైటు భద్రమని బ్రౌజరుకి చూపే సర్టిఫికెట్), బ్యాకప్, ప్రైవసీ, మాల్వేర్ స్కానర్ అని చిన్న చిన్న వరసలు ఉంటాయి. కొన్నప్పుడు టిక్కు పెట్టి ఉన్నవి తియ్యకపోతే ఏటా వస్తూనే ఉంటాయి. ఎస్ఎస్ఎల్‌కి డబ్బు కడుతుంటే ఈరోజే మానేయొచ్చు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు ఉచితం, గడువు తీరకముందే సర్వరే వాటిని తిరగరాసుకుంటుంది. ఒక్కోసారి ఈ చిల్లర వరసలు తీసేస్తేనే బిల్లు సగానికి వస్తుంది, మారాల్సిన పనే ఉండదు.

ఇక కొత్త కంపెనీ ధర. ప్రకటనలో కనిపించేది మొదటి గడువు ధర మాత్రమే. ఉదాహరణకి నెలకు 149 రూపాయలని రాసి, మూడేళ్ళకి ఒకేసారి కట్టమంటారు అనుకోండి. 36 నెలలకి 5,364. దానిమీద జీఎస్‌టీ 18 శాతం కలిపితే సుమారు 6,330. బాగుంది. అదే పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో రెన్యువల్ 449 అని ఉంటుంది. రెండో మూడేళ్ళకి 16,164, జీఎస్‌టీతో 19,074. ఆరేళ్ళు కలిపి ఏడాదికి సగటున 4,234 పడింది. పక్కన ఇంకో కంపెనీ ఏ తగ్గింపూ లేకుండా ఏడాదికి 3,000 అంటే, జీఎస్‌టీతో 3,540. పైకి ఖరీదుగా కనబడినదే చవక. అందుకని ఎప్పుడూ రెండో గడువు ధర అడగండి. లేదా మూడేళ్ళకోసారి మారతామని ముందే అనుకుని తగ్గింపు ధరకే ఎక్కండి. అదీ తప్పేం కాదు, కాకపోతే ముడి విప్పుకుని ఉన్నవాళ్ళకే కుదురుతుంది.

జీఎస్‌టీ నంబరు ఉన్నవాళ్ళు కొత్త కంపెనీ ఖాతాలో ఆ నంబరు ముందే ఎక్కించండి. మన ఒడిశా నంబరు 21తో మొదలవుతుంది. బిల్లు వచ్చాక ఎక్కిస్తే ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ కోసం తిరగాల్సి వస్తుంది. డాలర్లలో కట్టేవాళ్ళు కార్డు కంపెనీ తీసుకునే విదేశీ మారకం రుసుము కూడా కలుపుకోండి.

ఇంకో ప్రశ్న వేసుకోవాలి: అసలు హోస్టింగ్ కొనాలా? పట్టుచీరల దుకాణం సైటు ఉంటుంది. ఐదు పేజీలు, చీరల ఫొటోలు, అడ్రసు, వాట్సాప్ నంబరు. ఆర్డర్లు వాట్సాప్‌లోనే వస్తాయి. దీనికి వర్డ్‌ప్రెస్ (సైటు రాసి నడిపే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు, డేటాబేస్ (దాని రాతలన్నీ దాచే చోటు) అక్కర్లేదు. ఆ పేజీలను మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళుగా చేస్తే క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటి చోట ఉచితంగా పెట్టుకోవచ్చు. అక్కడ ఉచిత ప్లానులో 20,000 ఫైళ్ళ దాకా పెట్టొచ్చు, ఒక్కో ఫైలు 25 మెగాబైట్లు దాటకూడదు. గిట్‌హబ్ పేజెస్ కూడా ఉంది. కానీ దాంట్లో సైటు 1 గిగాబైటు దాటకూడదు, పైగా ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి దాన్ని వాడకూడదని వాళ్ళ నియమం. దుకాణాలవాళ్ళు దాని జోలికి వెళ్ళకండి. ఇలాంటి సైటులో 'మమ్మల్ని సంప్రదించండి' ఫారం దానంతటది పనిచేయదు, బయటి ఫారం సేవ ఒకటి కలపాలి, లేదా ఫారం తీసేసి ఫోన్ నంబరు పెట్టాలి. నన్నడిగితే ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఇదే సరిపోతుంది.

కాదు, వర్డ్‌ప్రెస్ కావాలి, బడి ఫీజులూ నోటీసులూ ఉన్నాయి అంటే కొత్త కంపెనీని ఈ విషయాలు అడగండి. అన్‌లిమిటెడ్ అన్న మాట పక్కన పెట్టి ఐనోడ్ పరిమితి ఎంతో అడగండి. ఐనోడ్ అంటే ఫైళ్ళ లెక్క. వర్డ్‌ప్రెస్ మీరు ఎక్కించిన ఒక్కో ఫొటోకి నాలుగైదు చిన్న కాపీలు చేసుకుంటుంది. ఒక్కో మెయిలూ ఒక ఫైలే. డిస్కు సగం ఖాళీగా ఉండగానే ఐనోడ్లు నిండి, కొత్త ఫొటో ఎక్కదు, మెయిలు రాదు. గంటకి ఎన్ని మెయిళ్ళు పంపనిస్తారో అడగండి, బడులవాళ్ళకి ఇది ముఖ్యం. సర్వరు మన దేశంలో ఉందా అని అడగండి. అమెరికాలో ఉంటే ఒక్క రానుపోను ప్రయాణానికే 200 మిల్లీసెకన్ల పైమాటే, పేజీ తెరవడానికి అలాంటి ప్రయాణాలు చాలా అవుతాయి. ఎస్ఎస్‌హెచ్ (మన కంప్యూటరు నుంచే సర్వరుకి నేరుగా ఆదేశాలిచ్చే దారి) ఇస్తారా అనేది చివరిది, కానీ నా లెక్కలో మొదటిది. అది ఉంటే మిగతా పని సగం.

పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) వెర్షను చూడటం మరిచిపోకండి. పాత సైట్లు చాలా ఇంకా 7.4 మీద నడుస్తున్నాయి. దానికి భద్రతా సవరణలు 2022 నవంబరుతోనే ఆగిపోయాయి. కొత్త సర్వరు మిమ్మల్ని నేరుగా 8 మీద దింపితే, పాత థీమ్‌లోని కొన్ని ఫంక్షన్లు అందులో ఉండవు కాబట్టి తెల్ల పేజీ వస్తుంది. పాత చోట ఉండగానే వెర్షను పెంచి, పగిలినవి బాగుచేసుకుని, ఆ తర్వాత మారండి. రెండు మార్పులు ఒకేరోజు చేస్తే ఏది దేనివల్ల పాడైందో తేలదు.

సరే, కాపీ చేయడం. మన ఊళ్ళో నెట్ మీద ఎఫ్‌టీపీతో వేల చిన్న ఫైళ్ళు దింపి మళ్ళీ ఎక్కించడం అంటే తెల్లారిపోతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదలు. సర్వరు నుంచి సర్వరుకే పంపండి. పాత చోట ఫైల్ మేనేజరులో సైటు మొత్తాన్ని ఒక్క జిప్‌గా కట్టండి. కొత్త సర్వరులో ఎస్ఎస్‌హెచ్ తెరిచి ఆ జిప్‌ను అక్కడినుంచే లాక్కోండి. ఆ పనిలో మీ ఇంటి నెట్ ఏమీ ఖర్చవదు. లాగిన వెంటనే పాత చోట ఆ జిప్ తీసేయండి. పబ్లిక్ ఫోల్డర్‌లో 'బ్యాకప్' అన్న పేరుతో జిప్ పడి ఉంటే ఎవరైనా ఊహించి దించుకోవచ్చు. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఉంటుంది.

జిప్ కట్టేముందు దాచిన ఫైళ్ళు చూపించమని ఫైల్ మేనేజరు సెట్టింగులో టిక్కు పెట్టండి. పేరు ముందు చుక్క ఉన్నవి లేకపోతే కనబడవు. వాటిలో లింకుల దారి సర్వరుకి చెప్పే హెచ్‌టీయాక్సెస్ ఫైలు ఉంటుంది. అది రాకపోతే మొదటి పేజీ తెరుచుకుంటుంది, మిగతా ప్రతి లింకూ 404 చూపిస్తుంది. వచ్చినా ఒక చిక్కు ఉంది. పాత సీప్యానెల్ (హోస్టింగ్ నడుపుకునే ప్యానెల్) ఆ ఫైల్లో పీహెచ్‌పీ హ్యాండ్లర్ వరస (పీహెచ్‌పీని ఏ ప్రోగ్రాం నడపాలో చెప్పేది) ఒకటి రాసి ఉంటుంది. కొత్త సర్వరుకి ఆ హ్యాండ్లర్ తెలియదు. అప్పుడు పేజీ తెరుచుకోకుండా ఫైలే డౌన్‌లోడ్ అవుతుంది, లేదా 500 ఎర్రర్ వస్తుంది. ఆ వరస తీసేస్తే సరి. ఫోల్డర్లకి 755, ఫైళ్ళకి 644 అనుమతులు ఉంచండి. ఎవరో చెప్పారని 777 పెడితే చాలా షేర్డ్ సర్వర్లు 500 చూపించి ఊరుకుంటాయి.

డేటాబేస్ దగ్గర కొంచెం ఆగుదాం. తెలుగు, ఒడియా సైట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డేటాబేస్‌ను బ్రౌజరులో చూపే పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో ఎక్కించే ఫైలుకి 50 మెగాబైట్ల చుట్టూ పరిమితి ఉంటుంది, పెద్దది మధ్యలో తెగిపోతుంది. వీలైతే ఎస్ఎస్‌హెచ్‌లో మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసే ఆదేశం) వాడండి, క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 అని ఆదేశంలోనే చెప్పండి. చెప్పకపోతే పాత సర్వరు ఏదనుకుంటే అది వాడుతుంది.

ఎక్కించాక సైటు తెరిచి తెలుగు చూడండి. రెండు రకాలుగా పాడవుతుంది, రెంటినీ కలిపేయకూడదు. అక్షరాల చోట వరసగా ప్రశ్న గుర్తులు కనిపిస్తే ఆ కాపీలో మీ తెలుగు లేదు, పోయింది. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. పాత చోటికి వెళ్ళి సరైన క్యారెక్టర్ సెట్‌తో మళ్ళీ తీయాల్సిందే. అలా కాకుండా నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు ఏ అక్షరం, పక్కనే డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే వరస, ఇలా చెత్తలా కనిపిస్తే కంగారు పడకండి. తెలుగు అక్షరాలు లోపల భద్రంగానే ఉన్నాయి, రెండుసార్లు ఎన్‌కోడ్ అయ్యాయి అంతే. వెనక్కి తిప్పొచ్చు.

కంటితో తేల్చుకోలేకపోతే ఒక లెక్క ఉంది. పూర్తిగా తెలుగులో ఉన్న ఒక శీర్షిక తీసుకోండి. డేటాబేస్‌లో దానికి లెంగ్త్ అడిగితే బైట్ల లెక్క వస్తుంది, క్యార్ లెంగ్త్ అడిగితే అక్షరాల లెక్క వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్8లో మూడు బైట్లు, ఒడియాదీ అంతే, దేవనాగరిదీ అంతే. కాబట్టి 3కి దగ్గరగా వస్తే బాగున్నట్టు. మాటల మధ్య ఖాళీలవల్ల కాస్త తగ్గుతుంది. 2 చుట్టూ వస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయినట్టు. 1 వస్తే అవి ప్రశ్న గుర్తులే.

ఇంకో ఎర్రర్ తరచుగా వస్తుంది: తెలియని కొలేషన్ (అక్షరాల వరస క్రమం), నంబరు 1273. పాత చోట మైఎస్‌క్యూఎల్ 8 ఉండి, కొత్త చోట మరియాడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పాతది ఉంటే ఇది వస్తుంది. డంప్ ఫైల్లో 0900 అంకె ఉన్న కొలేషన్ పేరును యూటీఎఫ్8ఎంబీ4 యూనికోడ్ సీఐగా మార్చి మళ్ళీ ఎక్కించండి. డంప్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేస్తే ఎన్‌కోడింగ్ చూసుకుని చేయండి.

బాగా పాత సైట్లు, తెలుగు అను ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో కట్టినవి కొన్ని ఇంకా ఉన్నాయి. వాటిలో ఉన్నది ఇంగ్లిషు అక్షరాలే, ఫాంటు వేసుకుని తెలుగులా కనబడతాయి. ఈ లెక్కలేవీ వాటికి పనికిరావు. ఫాంటు ఫైళ్ళున్న ఫోల్డరు పోకుండా చూసుకోండి. వీలుంటే ఈ సందులోనే యూనికోడ్‌కి మార్చేయండి.

ఇప్పుడు కొత్త సర్వరులో సైటు సిద్ధం, ఊరికి ఇంకా తెలియదు. డొమైను తిప్పకముందే మీరొక్కరే చూసుకోవాలి. విండోస్ కంప్యూటరులో సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ, అందులో హోస్ట్స్ అనే ఫైలు. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి, అడుగున కొత్త సర్వరు ఐపీ (దాని అంకెల చిరునామా), ఖాళీ, మీ డొమైను రాయండి. నోట్‌ప్యాడ్ దాని పేరు చివర టీఎక్స్‌టీ తగిలిస్తే పనిచేయదు, చూసుకోండి. ఇప్పుడు మీ కంప్యూటరుకి మాత్రమే కొత్త సైటు కనబడుతుంది. సర్టిఫికెట్ ఇంకా లేదు కాబట్టి హెచ్చరిక వస్తుంది, అది మామూలే. లాగిన్ అవ్వండి, ఫొటో ఎక్కించండి, ఫారం పంపండి, పాత నోటీసు తెరవండి. అంతా అయ్యాక ఆ వరస తీసేయడం మరవకండి. తీయకపోతే ఊరందరికీ సైటు పడిపోయినా మీకు మాత్రం బ్రహ్మాండంగా కనబడుతూ ఉంటుంది.

తిప్పే విషయం. డీఎన్ఎస్ అంటే మీ డొమైను ఏ సర్వరులో ఉందో చెప్పే జాబితా. అందులో ప్రతి రికార్డుకీ టీటీఎల్ అని ఒక గడువు ఉంటుంది. పాత చిరునామాను ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవాలో అది చెబుతుంది. సీప్యానెల్‌లో మామూలుగా 14,400, అంటే నాలుగు గంటలు. మార్చబోయే ముందురోజే దాన్ని 300కి తగ్గించండి. తిప్పే నిమిషంలో తగ్గిస్తే ఉపయోగం లేదు, పాత గడువు అప్పటికే జనం దగ్గర ఉంది. తర్వాత A రికార్డు (సైటు ఉన్న సర్వరు ఐపీ చెప్పే వరస) ఒక్కటే మార్చండి. 'నేమ్‌సర్వర్లు (ఈ రికార్డులన్నీ ఉండే సర్వర్లు) మార్చండి' అని కొత్త కంపెనీవాళ్ళు చెబుతారు, వాళ్ళకది తేలిక. కానీ డాట్ కామ్ రిజిస్ట్రీ దగ్గర నేమ్‌సర్వరు గడువు 1,72,800 సెకన్లు, రెండు రోజులు. తప్పు జరిగితే వెనక్కి రావడానికి మళ్ళీ అంత పట్టొచ్చు. పైగా నేమ్‌సర్వరు మారిస్తే పాత చోట రాసుకున్న మెయిలు రికార్డులన్నీ కొత్త చోట లేక మాయమవుతాయి. డీఎన్ఎస్‌ను హోస్టింగ్ కంపెనీ దగ్గర కాకుండా డొమైను కొన్నచోటో, విడి డీఎన్ఎస్ సేవలోనో ఉంచుకుంటే ఈ బెడద ఎప్పటికీ ఉండదు. నేను చెప్పిన ముడి విప్పడంలో ఇదే మొదటి మెట్టు.

ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునేవాళ్ళు తిప్పే గంటలో పాత సైటులో ఆర్డర్లు ఆపండి. లేకపోతే కొందరి ఆర్డర్లు పాత డేటాబేస్‌లో, కొందరివి కొత్తదాంట్లో పడి, నంబర్లు కలిసిపోతాయి. ఆపినతర్వాత డేటాబేస్ మళ్ళీ ఒకసారి తీసి ఎక్కించి, అప్పుడు తిప్పండి.

మెయిలు. సైటు పోతే రెండు గంటల్లో తెచ్చుకుంటాం, మెయిలు పోతే ఎవరు రాశారో కూడా తెలియదు. సీప్యానెల్‌లో ఎంఎక్స్ రికార్డు (మెయిలు ఏ సర్వరుకి వెళ్ళాలో చెప్పేది) చాలాసార్లు మీ డొమైను పేరువైపే చూపిస్తూ ఉంటుంది. మీరు సైటు కోసం A రికార్డు మార్చగానే మెయిలు కూడా కొత్త సర్వరుకి వెళ్ళిపోతుంది, అక్కడ పెట్టెలు లేకపోతే తిరిగొస్తుంది. అంచేత ముందు మెయిల్ అనే ఉపడొమైనుకి పాత ఐపీతో విడి A రికార్డు పెట్టి, ఎంఎక్స్‌ను దానివైపు చూపించండి. మెయిలును విడి మెయిల్ సేవకే మార్చేస్తే ఇంకా మేలు. రెండోది: మెయిలు వేరేచోట ఉంటే కొత్త సర్వరులో ఈమెయిల్ రూటింగ్‌ను రిమోట్ అని పెట్టండి. లోకల్ అని ఉంటే సైటు ఫారం నుంచి మీకు రావాల్సిన మెయిళ్ళు ఆ సర్వరులోనే పడి ఉంటాయి. బయటివాళ్ళు రాసినవి వస్తుంటాయి కాబట్టి నెలలపాటు అనుమానమే రాదు.

పాత మెయిళ్ళను ఐమ్యాప్‌తో లాగండి. థండర్‌బర్డ్‌లో రెండు ఖాతాలూ పెట్టి ఫోల్డర్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాపీ చేస్తే చాలు, పెట్టెలు చాలా ఉంటే ఐమ్యాప్‌సింక్ వాడండి. ఎస్‌పీఎఫ్ రికార్డులో (మీ పేరుతో మెయిలు పంపే సర్వర్ల జాబితా) కొత్త సర్వరును చేర్చండి. డొమైనుకి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండోది రాస్తే రెండూ చెల్లవు. అందులో డీఎన్ఎస్ వెతుకులాట పది దాటకూడదు. డీకిమ్ తాళం (మెయిలు మీదేనని చూపే సంతకానికి) కొత్త చోట కొత్తది వస్తుంది, అదీ ఎక్కించండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. ఇవి లేని మెయిళ్ళు స్పామ్‌లో పడతాయి, లేదా అసలు చేరవు.

ఇక మిగిలినవి చిన్నవి. తిప్పాక సర్టిఫికెట్ వచ్చిందో లేదో చూడండి, రాకపోతే డీఎన్ఎస్‌లో సీఏఏ రికార్డు (సర్టిఫికెట్ ఎవరు ఇవ్వొచ్చో చెప్పేది) పాత సర్టిఫికెట్ సంస్థను మాత్రమే అనుమతిస్తోందేమో చూడండి. క్రాన్ పనులు (వేళకి వాటంతటవే నడిచేవి) ఏవైనా ఉంటే కొత్త చోట మళ్ళీ రాయాలి, అవి జిప్‌లో రావు. సీప్యానెల్ పూర్తి బ్యాకప్‌ను మీ ఖాతాలోంచి మీరు తిరిగి ఎక్కించలేరు, కొత్త కంపెనీవాళ్ళే ఎక్కించాలి. చాలామంది ఉచితంగా చేస్తారు, అడగండి. చేయించినా తెలుగు లెక్క మాత్రం మీరే చూసుకోండి.

ఇప్పుడు ప్రశ్నలు.

*ఏ నెలలో మార్చుకుంటే మంచిదండీ?*

మన తీరంలో అక్టోబరు వద్దు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. సర్వరు ముంబైలో ఉన్నా మీ కరెంటూ నెట్టూ ఇక్కడే కదా, సగం తిప్పి ఆగిపోతే చూసుకునేవాళ్ళుండరు. పైగా అది దసరా, దీపావళి అమ్మకాల కాలం. చీరలవాళ్ళు పెళ్ళిళ్ళ ముహూర్తాల్లోనూ, ఠాకురాణీ జాత్ర జరిగే చైత్రంలోనూ ముట్టుకోవద్దు. ఆషాఢం నయం. మంగళవారమో బుధవారమో రాత్రి పదకొండు తర్వాత చేయండి. శనివారం చేస్తే ఆదివారం కంపెనీ సాయం అందకపోవచ్చు.

*సైటు చేసిన అబ్బాయి పాస్‌వర్డ్‌లు ఇవ్వడం లేదండీ. డొమైను కూడా అతనే కొన్నాడు.*

సైటు కాపీకి వర్డ్‌ప్రెస్ అడ్మిన్ లాగిన్ ఒక్కటున్నా చాలు, ప్లగిన్‌తో తీసుకోవచ్చు. డొమైనే అసలు సంగతి. రిజిస్ట్రెంట్‌గా, అంటే యజమానిగా, ఎవరి పేరుందో చూడండి. మీ పేరో, దుకాణం పేరో ఉంటే రిజిస్ట్రారుకి (డొమైను అమ్మిన కంపెనీకి) గుర్తింపు పత్రాలు పంపి ఖాతా అడగొచ్చు. అతని పేరే ఉంటే మాట్లాడి రాయించుకోండి, సైటు ఎంత బాగున్నా ముందు ఆ పనే. చేతికొచ్చాక కూడా డొమైనూ హోస్టింగూ ఒకే వారంలో మార్చకండి. డాట్ కామ్ లాంటివి కొన్న 60 రోజుల్లోపు, ఒకసారి మార్చిన 60 రోజుల్లోపు వేరే రిజిస్ట్రారుకి కదలవు.

*ఆటో డెబిట్ పెట్టాను కాబట్టి రెన్యువల్ గురించి చూసుకోనక్కర్లేదు కదా?*

చూసుకోవాలండీ. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కార్డు మీద ఆటో డెబిట్‌కి ఈ-మ్యాండేట్ (ముందే నమోదు చేసిన మీ అనుమతి) కావాలి, 24 గంటల ముందు కబురు రావాలి. 2022 జూన్ నుంచి 15,000 దాకా ఓటీపీ లేకుండా పోతుంది, దాటితే ఓటీపీ అడుగుతుంది. మూడేళ్ళది ఒకేసారి అయితే దాటేయొచ్చు. విదేశీ కంపెనీల్లో చాలా వాటికి ఈ-మ్యాండేట్ ఏర్పాటే లేదు, చెల్లింపు తిప్పికొడుతుంది, ఆ సంగతి మెయిల్లో చెబుతారు. ఆ మెయిలు మీ డొమైను మెయిలుకే వెళ్ళేలా పెట్టుకుంటే, సైటుతోపాటు అదీ ఆగినప్పుడు చదివేదెవరు? ఖాతాకి జీమెయిల్ లాంటి బయటి చిరునామా ఇవ్వండి.

*పాత హోస్టింగ్ ఎప్పుడు రద్దు చేయాలి?*

కనీసం రెండు వారాలు, మెయిలు కూడా మార్చి ఉంటే నెల ఆగండి. పాత సర్వరులో యాక్సెస్ లాగ్ చూడండి. రోజూ తగ్గుతూ వచ్చి చివరికి బాట్లు (మనుషులు కాని, వాటంతటవే తిరిగే ప్రోగ్రాంలు) మాత్రమే మిగులుతాయి. మీ కస్టమర్లెవరో ఇంకా అక్కడికే వస్తుంటే ఏదో రికార్డు తిప్పడం మరిచిపోయారన్నమాట, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరూ లేని పేరూ రెండూ తిప్పారా చూడండి. పాత మెయిలు పెట్టెలు ఒకసారి తెరిచి కొత్తగా ఏమైనా పడ్డాయా చూడండి. తర్వాత చివరి బ్యాకప్ ఒకటి దించుకోండి. అప్పుడు వాళ్ళ ప్యానెల్‌లో ఆటో రెన్యువల్ తీసేయండి, బ్యాంకు యాప్‌లో ఆ మ్యాండేట్ కూడా రద్దు చేయండి. డొమైను ఇంకా వాళ్ళ దగ్గరే ఉంటే హోస్టింగ్ వరస ఒక్కటే రద్దు చేస్తున్నారో, ఖాతా మొత్తం మూసేస్తున్నారో చదివి నొక్కండి.